ఆస్ట్రోలేబా, క్వాడ్రంటా: మసీదులో వేళ చెప్పేవారికి ఏది మేలు?

14వ శతాబ్దపు డమాస్కస్. ఉమయ్యద్ మసీదులో నమాజు వేళలు గణించే ఖగోళవేత్తను ‘మువక్కిత్’ అనేవారు. గ్రహగతులకు కొత్త నమూనాలు కట్టిన ఇబ్న్ అల్-షాతిర్‌ది ఆ కొలువే. అలాంటి పనికి ఇత్తడి ఆస్ట్రోలేబ్ మేలా, కొయ్య క్వాడ్రంట్ మేలా? రెండూ సూర్యుడి, చుక్కల ఎత్తు కొలిచి వేళ కనుక్కునే పరికరాలే: మొదటిది గుండ్రటి పళ్లెంలా ఉంటుంది, రెండోది అందులో పావు ముక్కలా.

అందంలో ఆస్ట్రోలేబ్‌కు సాటి లేదు. దాన్ని ఉంగరంతో వేలాడదీసి, వెనకవైపు కడ్డీని సూర్యుడికేసి తిప్పుతారు. కడ్డీకున్న ఒక రంధ్రంలో దూరిన వెలుగు రెండో రంధ్రం మీద పడగానే, సూర్యుడి ఎత్తు ఎన్ని డిగ్రీలో అంచు మీద తెలుస్తుంది. అసలు అద్భుతం ముందువైపు ఉంది. నక్షత్రాల చోటును ములుకులతో చూపే జాలీ రేకుకు అరబ్బులు పెట్టిన పేరు ‘అన్‌కబూత్’, అంటే సాలెపురుగు. ఆ రేకు మీది సూర్యస్థానాన్ని, అడుగు పలకపై చెక్కిన ఎత్తు గీతకు చేరిస్తే చాలు, వేళ ఎంతో, ఏ చుక్క ఎక్కడుందో తేలిపోతుంది. చిక్కల్లా అడుగు పలక ఒక్క అక్షాంశానికే పనికిరావడం. ఊరు మారితే పలక మార్చాలి.

ఆ పలకనే నాలుగు మడతలు పెట్టినట్టుండేది ఒక రకం క్వాడ్రంట్. జాలీ రేకు బదులు ఒక దారం, దాని మీద జరిపే పూస, చివర తాపీమేస్త్రీ గోడ నిలువు చూసే గుండులాంటిది. సూర్యుడికి గురిపెడితే దారం దానంతట అదే ఎత్తు చూపుతుంది. 15 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న ఆస్ట్రోలేబ్ అంచు మీద ఒక డిగ్రీకి 1.3 మిల్లీమీటర్ల చోటే దక్కుతుంది. తిన్నని అంచు 15 సెంటీమీటర్లున్న క్వాడ్రంట్ వంపు మీద 2.6! గాలికి దారం ఊగడం మాత్రం విసుగు పుట్టించే విషయమే.

ఇంకో రకం ‘ముజయ్యబ్’. దాని గళ్ల మీద దారం, పూస జరుపుతూ ఏ అక్షాంశానికైనా త్రికోణమితి లెక్కలు చేయవచ్చు. మన సంస్కృత గణితంలోని ‘జ్యా’ (ఇప్పటి సైన్) అరబ్బీలో ‘జైబ్’ అయింది, దాని నుంచే ఈ పేరు. మనం చొక్కాకు కుట్టించుకునే జేబు కూడా ఆ అరబ్బీ మాటే!

ఒకే ఊరిలో ఉండి రోజూ వేళ చెప్పేవారికి నా ఓటు క్వాడ్రంట్‌కే. చవక, తేలిక, గీతలు స్పష్టం. ఒట్టోమన్ మువక్కిత్‌లు 19వ శతాబ్దంలోనూ దాన్నే వాడారు. కానీ ఆకాశాన్ని కొత్తగా నేర్చుకునే పిల్లవాడి చేతికైతే ఆస్ట్రోలేబే ఇస్తాను. రేకు తిప్పుతుంటే చుక్కలు తూర్పున పొడిచి పడమట కుంకడం వాడి కళ్ల ముందే జరుగుతుంది.