80 గంటలా, 700 గంటలా, బోర్డు సర్టిఫికెట్టా?

అమెరికాలో ఎండోక్రైనాలజీ (హార్మోన్ల వైద్యం) ఫెలోషిప్ చేస్తున్న మనవాళ్ళు ఫోన్ చేస్తే చివరికి వచ్చే ప్రశ్న ఇదే: "అన్నా, థైరాయిడ్ చికిత్సకు రేడియో అయోడిన్ నేనే ఇవ్వాలంటే ఆథరైజ్డ్ యూజర్, అంటే రేడియోధార్మిక మందులు ఇవ్వడానికి అనుమతి ఉన్న డాక్టరు, అవ్వాలి కదా, ఏ దారి మేలు?" ఆస్పత్రి రేడియేషన్ సేఫ్టీ ఆఫీసులో ఆ దరఖాస్తులు ముందు నా టేబుల్ మీదికే వస్తాయి. అందుకే మూడు దారుల గురించీ ఒకసారి రాసి పెడుతున్నా.

నియమం ఎన్‌ఆర్‌సీ (అమెరికా అణు నియంత్రణ సంస్థ) వారి 10 సీఎఫ్‌ఆర్ పార్ట్ 35 అని మీకు తెలిసిందే. మీ రాష్ట్రానికి ఎన్‌ఆర్‌సీతో ఒప్పందం ఉంటే లైసెన్సు వ్యవహారం రాష్ట్రమే చూస్తుంది.

న్యూక్లియర్ మెడిసిన్ రెసిడెన్సీలో ఉన్నవాళ్ళు ఇంత ఆలోచించక్కర్లేదు, బోర్డు దారే మేలు. ఎన్‌ఆర్‌సీ గుర్తించిన బోర్డు సర్టిఫికెట్ ఉన్నవారికి 2019 జనవరి నుంచి ప్రిసెప్టర్ అటెస్టేషన్, అంటే శిక్షణను పర్యవేక్షించిన డాక్టరు (ప్రిసెప్టర్) రాసిచ్చే ధ్రువీకరణ, కూడా అడగడం లేదు. ఎండోక్రైనాలజీ బోర్డు పాసైనంత మాత్రాన ఈ వెసులుబాటు రాదు.

700 గంటల శిక్షణ దారి నోటితోగానీ నరంలోకిగానీ ఇచ్చే రేడియోధార్మిక మందుల చికిత్సలకు పనికొస్తుంది. అందులో 200 గంటలు క్లాసు, ల్యాబు. క్లినిక్ నడుపుకుంటూ 700 గంటలు తీయగలరా అన్నది మీకే తెలియాలి.

ఇక 80 గంటల దారి. నోటితో ఇచ్చే అయోడిన్-131కి మాత్రమే. 33 మిల్లీక్యూరీల (రేడియోధార్మికత కొలత) డోసు వరకు ఆ నియమంలో ఒక సెక్షన్, అది దాటితే ఇంకో సెక్షన్. గ్రేవ్స్ (థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు) పేషెంట్లకు మొదటిదే సాధారణంగా సరిపోతుంది. థైరాయిడ్ క్యాన్సర్‌కు 100, 150 ఇవ్వాలంటే రెండోది కావాలి. ఎండోక్రైనాలజిస్టుకు నేను చెప్పేది ఈ దారే, కానీ ఒక షరతు మీద: ముందు ప్రిసెప్టర్‌ను చూసుకోండి, తర్వాతే కోర్సుకు డబ్బు కట్టండి. క్లాసు గంటలు ఎక్కడైనా దొరుకుతాయి. తిప్పలు పెట్టేవి ఒక్కో రకానికీ కావలసిన మూడేసి కేసులు, వాటి కింద పడాల్సిన సంతకం.

కేసంటే గదిలో ఓ మూల నిలబడి చూడటం కాదు. ప్యాకేజీ రాగానే గ్లౌజులేసుకుని సర్వే మీటర్ పెట్టాలి. అయోడిన్ క్యాప్సూల్‌ను డోస్ క్యాలిబ్రేటర్‌లో కొలిచి, రిటెన్ డైరెక్టివ్‌లో (ఏ మందు ఎంత ఇవ్వాలో ఆథరైజ్డ్ యూజర్ రాసిన ఆదేశం) ఉన్న అంకెతో సరిచూడాలి. పేరు, పుట్టిన తేదీ పేషెంట్ నోటే చెప్పించాలి. గర్భ పరీక్ష ఫలితం చూశాకే సీసం డబ్బా మూత తీయాలి. మింగాక ఇంటికి పంపడానికీ లెక్క ఉంది: పేషెంట్ వల్ల ఇంకొకరికి తగిలే రేడియేషన్ 5 మిల్లీసీవర్ట్‌లు దాటే అవకాశం ఉండకూడదు, 1 దాటేలా ఉంటే జాగ్రత్తలు కాగితం మీద ఇవ్వాలి. ఇవన్నీ మీకు వచ్చని ప్రిసెప్టర్ రాసిస్తారు. పెద్ద డోసులకు సంతకం పెట్టేవారికి ఆ డోసులకు ఆథరైజేషన్ ఉండాలి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

ఆథరైజ్డ్ యూజర్ పర్యవేక్షణలో పనిచేసుకోవడం ఇంకో మార్గం. పర్లేదు, కానీ రిటెన్ డైరెక్టివ్ మీద సంతకం మాత్రం వాళ్ళదే.

80 గంటలకు ఒక లోటు ఉంది, దాచను. క్యాన్సర్‌కు వాడే లుటీషియం-177 మందులు, 2018లో అనుమతి వచ్చిన లుటాథెరా, 2022లో వచ్చిన ప్లువిక్టో, నరంలోకి ఎక్కించేవి. ఈ దారి వాటికి చెల్లదు. అటు మనసుంటే ఇప్పుడే 700 గంటలవైపు వెళ్ళండి. శిక్షణ పూర్తయి ఏడేళ్ళు దాటితే మళ్ళీ చదువు, అనుభవం చూపించాల్సి వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

ఒక ఫెలో 80 గంటలూ పూర్తిచేసి, కేసులూ చేసి, కాగితాలు మాత్రం తర్వాత చూద్దాంలే అనుకున్నాడు. ఈలోగా ప్రిసెప్టర్ ఉద్యోగం మారి వెళ్ళిపోయారు. లాగ్‌బుక్ తీస్తే తేదీలున్నాయి, మిల్లీక్యూరీలు లేవు. ఏది చిన్న డోసో, ఏది పెద్ద డోసో ఎవరికి గుర్తుంటుంది? గ్రేవ్స్ కేసులు కొత్త ప్రిసెప్టర్ దగ్గర నెలలోపే మళ్ళీ చేసేశాడు. పెద్ద డోసుల కోసం మాత్రం క్యాన్సర్ పేషెంట్ల షెడ్యూలు చూసుకుంటూ ఏడు నెలలు కూర్చున్నాడు. ఇప్పుడు క్యాప్సూల్ ఇచ్చిన రోజు సాయంత్రమే సంతకం పెట్టించుకుంటున్నాడు.