ముక్కు ఎలర్జీని కొలవాలంటే ఏది మేలు? లక్షణాల స్కోరా, 28 ప్రశ్నల పట్టికా, ఒక్క గీతా?

డాక్టర్ "ఎలా ఉంది?" అనగానే "పర్లేదండీ" అనేస్తాం. రాత్రంతా ముక్కు మూసుకుపోయి, నోటితో గాలి పీల్చి, పొద్దున గొంతు పిడచకట్టుకుని లేచిన సంగతి ఆ కుర్చీలో కూర్చోగానే ఎటో పోతుంది. కొలత కావాల్సింది అందుకే.

అన్నిటికన్నా తేలిక టీఎన్ఎస్ఎస్, అంటే ముక్కు లక్షణాల మొత్తం స్కోరు. ముక్కు కారడం, మూసుకుపోవడం, తుమ్ములు, దురద, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 12. మందు ట్రయల్స్‌లో బాగా వాడతారు. నాకు మాత్రం దీంతో పేచీ. నాకు ముక్కు దిబ్బడ ఒక్కటే 3, మిగతావన్నీ సున్నా, అంటే 12కి 3. కాగితం మీద చూస్తే ఏమీ లేనట్టే, నిద్ర మాత్రం గోవిందా.

ఆ నిద్రను పట్టుకునేది, ఎలర్జీతో రోజువారీ బతుకు ఎంత దెబ్బతిందో అడిగే ప్రశ్నల పట్టిక ఆర్‌క్యూఎల్‌క్యూ. ఎలిజబెత్ జూనిపర్ బృందం 1991లో ఇచ్చింది. 28 ప్రశ్నలు, 7 విభాగాలు, గత వారంలో ఎంత ఇబ్బంది పడ్డారో 0 నుంచి 6 వరకు చెప్పాలి. నాకు నచ్చిందేంటంటే, ఎలర్జీ వల్ల కష్టమైన మూడు పనులు మనమే ఎంచుకోవచ్చు, పైగా చేతిలో టిష్యూ లేకుండా కదల్లేకపోవడం, మాటిమాటికీ కళ్లు నులుముకోవడం, చిరాకు, వీటన్నిటినీ అడుగుతుంది. సగటు 0.5 మారితే తేడా మనకే తెలిసేంత ఉందని లెక్క. కానీ వారంవారం 28 ప్రశ్నలు ఎవరు నింపుతారండీ? 14 ప్రశ్నల చిన్న వెర్షన్ ఉంది, అయినా బద్ధకమే.

రోజూ రాసుకోవడానికి వీఏఎస్ చాలు. 10 సెంటీమీటర్ల గీత, ఎంత బాధగా ఉంటే అంత దూరంలో గుర్తు. మిల్లీమీటర్లలో వందకి 50 దాటితే అదుపులో లేనట్టే. ఎందుకు లేదో మాత్రం గీత చెప్పదు.

నన్నడిగితే రోజూ గీత, మందు మార్చే ముందూ మార్చిన కొన్ని వారాలకీ ఆర్‌క్యూఎల్‌క్యూ. డాక్టర్ దగ్గరికెళ్లే ముందు రోజు, ఎలర్జీ ఎంత అదుపులో ఉందో చూసే ఆర్‌క్యాట్ ఆరు ప్రశ్నలు: 30కి 21 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే కంట్రోల్ లేదని. ఆస్తమా కూడా ఉంటే రెండిటినీ కలిపి అడిగే కారాట్ నయం.

ఏది వాడినా పక్కనే ఆ రోజు మాత్ర వేసుకున్నారో లేదో రాయండి. మాత్ర వేసుకుని 20, వేసుకోకుండా 20 ఒకటి కావు.