గ్రిజ్లీ మ్యాన్ చూసినా, మా పలమనేరు మామతో కలిసి

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని పడుకుందాం అనుకుంటా ఉంటే పలమనేరు నుంచి మా మామ దిగినాడు, సరే ఏదో ఒకటి పెడదామని టీవీలో గ్రిజ్లీ మ్యాన్ పెట్టినా, ఇంక నిద్ర యాడిది. 2005లో వచ్చిన డాక్యుమెంటరీ, తీసింది జర్మనీ డైరెక్టర్ వెర్నర్ హెర్జోగ్. తిమోతీ ట్రెడ్‌వెల్ అని అమెరికా ఆయన, అలాస్కాలో కాట్మాయ్ నేషనల్ పార్కులో 13 ఎండాకాలాలు ఎలుగ్గొడ్ల మధ్య టెంట్ వేసుకుని ఉండినాడు. 2003 అక్టోబర్‌లో ఆయన్నీ, కూడా ఉన్న గర్ల్‌ఫ్రెండ్‌నీ ఎలుగ్గొడ్డే చంపి తినేసింది. కథ చెప్పేసినా అని తిట్టుకోకండి, సినిమాలో మొదట్లోనే తెలిసిపోతాది.

చాలా మటుకు ఆయన తీసుకున్న వీడియోలే, 100 గంటలకు పైన ఉన్నాయంట. ప్రతి ఎలుగ్గొడ్డుకీ ఒక పేరు, కనిపించినప్పుడంతా ఐ లవ్ యూ. ఒకచోట ఆడ ఎలుగు పెంట వేసి పోతే దానిమీద చెయ్యి పెట్టి, ఇంకా వెచ్చగా ఉందని మురిసిపోతాడు చూడండి, మామ నవ్వినాడు కానీ నాకు మాత్రం పాపం అనిపించింది, ఎందుకో. నక్క టోపీ ఎత్తుకుపోతే వెంటపడి తిట్టే సీన్ అయితే సూపర్.

నాకు బాగా నచ్చింది ఏందంటే డైరెక్టర్ ఈయన్ని దేవుణ్ణీ చేయలేదు పిచ్చోణ్ణీ చేయలేదు. నువ్వు తీసిన షాట్లు అద్భుతం నాయనా, కానీ ఆ ఎలుగు కళ్ళల్లో నాకు స్నేహం కనపడలా, ఆకలే కనపడింది అన్నట్టు ఆయన వీడియో మీదే ఆయనతో వాదన పెట్టుకుంటాడు. చనిపోయేటప్పుడు కెమెరా ఆన్‌లో ఉంది, మూత తీయలేదు, సౌండ్ మాత్రం రికార్డయింది. అది మనకి వినిపించడు. డైరెక్టర్ హెడ్‌ఫోన్స్‌లో వింటా ఉంటే ఎదురుగా ఉన్న ట్రెడ్‌వెల్ పాత స్నేహితురాలి మొహం చూపిస్తాడు అంతే, అది నువ్వు ఎప్పటికీ వినొద్దు అంటాడు. మన యూట్యూబోళ్ళకి దొరికుంటే థంబ్‌నెయిల్లో ఎర్ర బాణం గుర్తు పెట్టేవాళ్ళు.

బాగలేనివి కూడా ఉన్నాయి. శవపరీక్ష డాక్టర్ మాట్లాడేది నాటకం డైలాగ్ మాదిరి ఉంటాది. ఆయనతో పాటు చనిపోయిన గర్ల్‌ఫ్రెండ్ గురించి దాదాపు ఏమీ లేదు.

అక్కడి ఆదివాసీ ఆయన ఒకరు, మా పెద్దోళ్ళు ఎలుగులకీ మాకూ మధ్య ఒక గీత ఉంచుకున్నారు, ఈయన దాటినాడు అనే అర్థంలో చెప్తాడు. తిరుపతోళ్ళకి ఇది కొత్తగా చెప్పాల్నా? 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిలో ఆరేళ్ళ పాపని చిరుత తీసుకపోయింది, ఆ తర్వాత ఎక్కేవాళ్ళ చేతికి కర్రలు ఇచ్చినారు. నేనూ పట్టుకుని ఎక్కినా, చెమటకి చేతిలో జారిపోతా ఉండింది, చిరుత వస్తే దీంతో ఏం పీకుతాం అనుకుంటానే గోవిందా అన్నా.

మామ టమాటా తోటలో ఏనుగులు పడిన మనిషి. "రేయ్ అల్లుడా, వీనికి ఒగ రాత్రి మా తోట కాపలా ఇస్తే తెలిసొస్తాది" అన్నాడు సగంలో. ఐదుకి నాలుగున్నర ఇస్తా, పిల్లల్ని మాత్రం పక్కన కూర్చోబెట్టుకోకండి.

అయిపోయినాక మామ ఒకటే అడిగినాడు, ఆ ఎలుగ్గొడ్డుని ఏం చేసినారని. తుపాకీతో కాల్చేసినారు మామా అన్నా. కాసేపు ఏమీ అనలా. టీ పెట్టమన్నాడు.