పాత డ్రోన్‌కు కొత్త కెమెరానా, కొత్త డ్రోనేనా?

శేషాచలం అడవుల్లో ఎర్రచందనం దొంగలను రాత్రిపూట పట్టాలంటే మామూలు కెమెరా చాలదు, ఒంటి వేడిని పసిగట్టే థర్మల్ కెమెరా కావాలి. తిరుపతిలో పోలీసులకు దారులు రెండు: ఉన్న డ్రోన్‌కే దాన్ని బిగించడం, లేదా కెమెరాతో సహా కొత్తది కొనడం.

మొదటిది చవక. పైలట్లకు చెయ్యి తిరిగిన మిషన్, ఛార్జర్లూ ఉన్నవే. కానీ బరువు పెరిగితే గాల్లో ఉండే సమయం తగ్గుతుంది. లిథియం బ్యాటరీల్లో వాడేకొద్దీ ఛార్జ్ నిలవదు. ఉబ్బిన బ్యాటరీని "ఈ ఒక్కసారికి" అని అస్సలు ఎగరేయకూడదు. డ్రోన్ లోయలో పడితే వెతకడానికి మనుషులే దిగాలి, అదీ చీకట్లో.

కొత్తదానికి ఖర్చెక్కువ, ట్రైనింగ్ కావాలి, 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ నంబరూ తీసుకోవాలి. అయితే కెమెరా, బ్యాటరీ, ఫ్రేమ్ ఒకదానికొకటి సరిపోయేలా తయారైనవి కాబట్టి కొండగాలికి నిలకడగా ఉంటుంది. దట్టమైన ఆకుల కింద నక్కినవాళ్లు మాత్రం దీనికీ సరిగా కనపడరు.

అడవికి కొత్తదే కొనాలంటాను. పాతది పగటిపూట గంగమ్మ జాతర రద్దీకి, అలిపిరి ట్రాఫిక్‌కి చక్కగా పనికొస్తుంది. అదనపు బ్యాటరీలు, రిపేర్ ఒప్పందం మాత్రం కొనేటప్పుడే టెండర్‌లో రాయించుకోవాలి.