దొంగ సప్లయర్లను పట్టడానికి ఓపెన్‌రిఫైన్ ఎంతవరకు పనికొస్తుంది?

ఒకే మనిషి మూడు పేర్లతో మూడు కొటేషన్లు వేయడం, పాత బిల్లుకే నంబర్ కాస్త మార్చి మళ్లీ సొమ్ము చేసుకోవడం స్థానిక సంస్థల ఖజానాకు కన్నం వేసే పాత ఎత్తులే. వీటిని పట్టడానికి ఓపెన్‌రిఫైన్ అనే డేటా శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ బాగా పనికొస్తుంది. ఉచితం. బ్రౌజర్‌లో తెరుచుకున్నా నడిచేది మన కంప్యూటర్‌లోనే (127.0.0.1:3333), కాబట్టి ఖాతా నంబర్లు బయటికి పోవు.

సప్లయర్ల జాబితా ఉన్న ఫైలు ఎక్కించేటప్పుడే చాలామంది దెబ్బతింటారు. సెల్స్‌ను నంబర్లుగా మార్చే టిక్ ఉంటే తీసేయాలి, లేకపోతే ఖాతా నంబర్ ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ఆ జాబితాను ముందే ఎక్సెల్‌లో నంబర్లుగా తెరిచి సేవ్ చేసి ఉంటే ఇంకా చేటు: 15 అంకెల తర్వాతివన్నీ సున్నాలై, వేర్వేరు ఖాతాలు ఒకటిగా కనబడతాయి. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి నేరుగా సీఎస్‌వీ (కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ ఫైలు) తీసుకోండి.

ముందు చూడాల్సింది పేర్లు కాదు, ఖాతా నంబర్లు. ఖాళీలు, గీతలు తీసేసి ఆ కాలమ్‌పై డూప్లికేట్స్ ఫాసెట్ (ఒకటికి మించి వచ్చిన విలువలను వడకట్టి చూపేది) పెట్టి 'ట్రూ' నొక్కితే, ఒకే ఖాతాను పంచుకుంటున్న సప్లయర్లు వరసగా బయటపడతారు.

పేర్లకు క్లస్టర్ ఉంది, ఒకేలా ఉన్న పేర్లను గుంపులుగా చూపుతుంది. ఫింగర్‌ప్రింట్ పద్ధతి కామాలను, పెద్దచిన్న అక్షరాలను, మాటల వరసను పట్టించుకోదు. 'స్టార్ ట్రేడర్స్', 'ట్రేడర్స్, స్టార్' దానికి ఒకటే. చివరి 'స్' ఎగిరిపోయిన 'స్టార్ ట్రేడర్' మాత్రం దాని చేతికి చిక్కదు, దానికి ఎన్ని అక్షరాలు తేడా ఉన్నాయో లెక్కగట్టే లెవెన్‌స్టైన్ పద్ధతి కావాలి. అక్కడ బ్లాక్ చార్స్ అనే సెట్టింగ్ మామూలుగా 6 ఉంటుంది. వరసగా ఆరు అక్షరాలు కలవని పేర్లను అసలు పోల్చదన్నమాట. పొట్టి పేర్లుంటే 3కి దించండి. పెద్ద జాబితాపై అప్పుడు నత్తనడకే.

అన్నిటికంటే ప్రమాదం, గుంపులోని తేడా పేర్లను ఒకే పేరుగా మార్చేసే 'మెర్జ్' బటన్. ఈ సాధనం పుట్టింది డేటా శుభ్రం చేయడానికి, మనకేమో ఆ మురికే సాక్ష్యం. అసలు కాలమ్‌ను ముట్టుకోకుండా నకలు తీసి దాని మీదే పని చేయాలి.

రెండుసార్లు చెల్లించిన బిల్లులకు: బిల్లు నంబర్‌లో అంకెలు తప్ప అన్నీ తీసేసి, ముందున్న సున్నాలూ కొట్టేసి, సప్లయర్ కోడ్, బిల్లు సొమ్ముతో కలిపి ఒక కాలమ్ చేయండి. మళ్లీ అదే డూప్లికేట్స్ ఫాసెట్. టెండర్ తప్పించుకోవడానికి ముక్కలు చేసిన కొనుగోళ్లకైతే బిల్లు సొమ్ము ఉన్న కాలమ్‌ను మాత్రమే నంబర్లుగా మార్చి, న్యూమరిక్ ఫాసెట్ పెట్టి దాని హద్దులు జరపాలి. టెండర్ పరిమితి లక్ష అయితే 95,000 నుంచి 99,999 మధ్య ఒకే సప్లయర్ గుంపుగా కనిపిస్తే ఆ ఫైళ్లు తెప్పించుకోండి.

చేసిన మార్పుల చరిత్రను ఎగుమతి చేసుకుని వచ్చే నెల అలాగే నడపొచ్చు. కానీ ఫాసెట్లు, వెతుకులాట అందులో నమోదు కావు. ఏం చూశారో విడిగా రాసుకోకపోతే ఆడిట్‌లో చూపడానికి ఏమీ మిగలదు.

'మా బ్యాంకు ఖాతా మారింది' అంటూ వచ్చే దొంగ ఉత్తరాన్ని మాత్రం ఇది ఆపలేదు. దానికి ఫోన్ ఒక్కటే దారి, అదీ ఉత్తరంలోని నంబర్‌కు కాదు, ఒప్పందం నాటి ఫైల్లో ఉన్న నంబర్‌కు.