యూదుడని ఎలా తేల్చారు: హిట్లర్ జర్మనీ, ముస్సోలినీ ఇటలీ

జర్మనీలో యూదుల పౌరసత్వ హక్కులు తీసేసిన న్యూరెంబర్గ్ చట్టాలు 1935 సెప్టెంబరు 15న వచ్చినా, యూదుడెవరో తేల్చింది నవంబరు 14 నాటి ఉత్తర్వు. ఇద్దరు తాతలు, అమ్మమ్మ, నానమ్మ: ఈ నలుగురిలో ముగ్గురు యూదులైతే మనిషి ఏ మతంలో ఉన్నా యూదుడే. ఇద్దరే అయితే ‘మిశ్రమం’; కానీ యూదు సమాజంలో సభ్యత్వం ఉన్నా, యూదుల్ని పెళ్లాడినా యూదుల లెక్కే. మరి ఆ పెద్దలు యూదులని రుజువేమిటి? మత రిజిస్టరు. రక్తం పేరుతో రాసిన చట్టానికి రక్తాన్ని కొలిచే సాధనమే లేదు. ఈ బూటకం వల్లే తమ పెద్దలు క్రైస్తవులని చూపే బాప్టిజం సర్టిఫికెట్ల కోసం జనం పరుగులు తీశారు.

ఇటలీలో 1938 నవంబరు 17 డిక్రీ తల్లిదండ్రులనే చూసింది. ఇద్దరూ యూదులైతే మతం మారినా తప్పించుకోలేరు. ఇద్దరూ ఇటాలియన్లై, ఒకరే యూదులైతే, 1938 అక్టోబరు 1 నాటికి వేరే మతంలో ఉన్న బిడ్డ యూదుల లెక్కలోంచి బయటపడేవాడు.

యూదుల్లో యుద్ధవీరుల కుటుంబాలకు, తొలినాటి ఫాసిస్టులకు (ముస్సోలినీ పార్టీవాళ్లకు) ఇటలీ ఆంక్షల నుంచి మినహాయింపులిచ్చింది. కానీ అవి ముఖ్యంగా ఆస్తులకు, వ్యాపారాలకే. వాళ్ల పిల్లలకూ ప్రభుత్వ బడి తలుపులు మూసే ఉన్నాయి. జర్మనీలో మాజీ సైనికులైన యూదు ప్రభుత్వోద్యోగులకు ఉద్యోగం పోకుండా 1933లో ఇచ్చిన మినహాయింపు 1935తోనే పోయింది.