చర్చి బడా, బోర్డు బడా: విక్టోరియా రాణి కాలంలో ఏది మేలు?

1875 ప్రాంతంలో ఇంగ్లండులో కూలి చేసుకునే కుటుంబం ఒకటి అనుకోండి. పిల్లవాణ్ని ఏ బడిలో వెయ్యాలి? ఐదారేళ్ల ముందైతే చాలా ఊళ్లలో ఈ ప్రశ్నే లేదు. చర్చి వాళ్లు బడి పెడితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. 1870లో ఫోర్‌స్టర్ చట్టం అనే విద్యా చట్టం వచ్చింది. బడులు చాలని చోట జనం ఓటేసి స్కూల్ బోర్డును ఎన్నుకోవాలి, ఆ బోర్డు స్థానిక పన్నుతో బడి నడపాలి. పాత చర్చి బడుల్ని మాత్రం తీసెయ్యలేదు. దాంతో రెండు రకాల బడులు పక్కపక్కనే నడిచాయి.

డబ్బు సంగతి చూస్తే బోర్డు బడిదే పైచేయి. చర్చి బడికి చందాలు, పిల్లల ఫీజులు, సర్కారు గ్రాంటు తప్ప వేరే దారి లేదు. బోర్డుకు వీటికి తోడు పన్ను డబ్బు ఉండేది. లండన్‌లో రాబ్సన్ అనే ఆర్కిటెక్టు కట్టించిన ఎత్తయిన బోర్డు బడులు కొన్ని ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. ఫీజు రెండు చోట్లా ఉండేది. బోర్డు మాత్రం బీదవాళ్లకు మాఫీ చెయ్యగలిగేది.

మతం దగ్గరే అసలు గొడవ. బోర్డు బడిలో బైబిలు చెప్పొచ్చు కానీ ఏ ఒక్క శాఖ సిద్ధాంతాన్నీ నూరిపొయ్యకూడదు. చర్చి బడిలో కూడా మత పాఠానికి పిల్లవాణ్ని పంపనని తండ్రి చెప్పొచ్చు. అది చట్టంలో మాట. ఉండే ఇల్లూ చేసే పనీ ఊరి దొర చేతిలో ఉన్నప్పుడు, ఆయన బలపరిచే బడికి ఎదురు చెప్పడం ఎంతమందికి సాధ్యం?

ఇక తరగతి గదిలోకి వెళ్తే పెద్ద తేడా కనిపించదు. 1862 నాటి నిబంధనల ప్రకారం ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష పెట్టేవాడు. చదవడం, రాయడం, లెక్కలు, వీటిలో ఒక్కో పిల్లవాడు పాసైన ఒక్కోదానికి బడికి 2 షిల్లింగుల 8 పెన్నీలు. ఇక పంతులుకు టెన్షన్ కాక ఏముంటుంది? బట్టీ పట్టించడం మొదలైంది. ఈ పద్ధతి 1890ల దాకా సాగింది. కోతల కాలంలో పిల్లలు పొలాలకు పోతే హాజరును బట్టి వచ్చే గ్రాంటుకూ దెబ్బే.

అన్నట్టు, చర్చి బడుల్లో పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పే పద్ధతిని 'మద్రాసు పద్ధతి' అనేవారు. ఆండ్రూ బెల్ అనే పాదిరీ ఎగ్మూరు అనాథాశ్రమంలో దాన్ని నడిపి, ఇంగ్లండుకు తీసుకెళ్లాడు. మన వీధిబడిలోలా ఇసుకలో అక్షరాలు దిద్దించడం కూడా అందులో భాగమే.

నన్నడిగితే బోర్డు బడే మేలు, అదీ చదువు బాగుండి కాదు, బోర్డును ఓటుతో దించొచ్చు కాబట్టి. పన్ను కట్టే స్త్రీలకూ ఓటుండేది, పోటీ చేసే హక్కూ ఉండేది. 1870లోనే ఎలిజబెత్ గారెట్, ఎమిలీ డేవిస్ లండన్ బోర్డుకు గెలిచారు. చిన్న పల్లెలో మాత్రం ఇంత గట్టిగా చెప్పలేను. అక్కడ చర్చి బడి తప్ప మరొకటి లేకపోతే ఎంచుకునేదేముంది?

1902 చట్టం బోర్డులను ఎత్తేసి బడులను కౌంటీ (జిల్లా) కౌన్సిళ్ల వంటి స్థానిక కౌన్సిళ్లకు అప్పగించింది. చర్చి బడులకూ పన్ను డబ్బు దక్కింది. ఆ కౌంటీ కౌన్సిళ్లకు పోటీ చేసే హక్కు స్త్రీలకు 1907 దాకా రాలేదు.